కుడి సీటు నుంచి ఎడమ సీటుకు: పైలట్ ఉద్యోగంపై పాఠకుల ప్రశ్నలు

విమాన పైలట్ ఉద్యోగం గురించి ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాం. విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నవారు, చాలా ఏళ్ళు ప్రయాణికుల విమానాలు నడిపి, పదవీ విరమణ తర్వాత మర్రిపాలెంలో స్థిరపడిన ఒక కెప్టెన్. ఉత్తరాలు రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న (ఒక తండ్రి, కూర్మన్నపాలెం): నేను ఉక్కు కర్మాగారంలో పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. ఇంజినీరింగ్ వద్దు, పైలట్ అవుతానని పట్టుబట్టింది. అమ్మాయి కదా అని నేను వెనుకాడుతున్నాను. శిక్షణకు, ఆ తర్వాత టైప్ రేటింగ్‌కు (ఒక రకం విమానం నడిపే ప్రత్యేక అర్హతకు) కలిపి కోటి రూపాయల దాకా అవుతుందని ఒక సంస్థవారు చెప్పారు. ఇల్లు తాకట్టు పెడితే తప్ప అంత డబ్బు పుట్టదు. ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: అయ్యా, ఎవరికీ ఒక్క రూపాయి కట్టకముందే మీ అమ్మాయికి వైద్య పరీక్ష చేయించండి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన వైద్యుల దగ్గర ముందు క్లాస్ 2, ఆ వెంటనే కమర్షియల్ లైసెన్సుకు తప్పనిసరైన క్లాస్ 1 పరీక్ష చేయించాలి. కళ్ళజోడు ఉన్నంత మాత్రాన భయపడనక్కరలేదు గాని, రంగులను గుర్తించడంలో లోపం వంటివి ఉంటే అవి ముందే బయటపడాలి. సగం ఫీజు కట్టి, సగం గంటలు ఎగిరిన తర్వాత క్లాస్ 1లో అన్‌ఫిట్ అని తేలిన ఒక కుర్రాడి తండ్రి నా ఎదుట కూర్చుని ఏడ్చిన రోజు నాకింకా గుర్తుంది. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఈ మాటే ముందు చెబుతున్నాను.

రెండో సంగతి పరీక్షలు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్ళు నిండాలి, 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు తానే పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా నడిపి ఉండాలి. వీటితో పాటు నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు 70 శాతం మార్కులతో గట్టెక్కాలి. పెద్ద ఖర్చంతా ఎగిరే గంటలదే, పేపర్లది కాదు. కాబట్టి మొదటి ఏడాది ఇంట్లో ఉండి పేపర్లు పూర్తిచేసి, ఆ తర్వాతే ఫ్లయింగ్‌కు వెళ్ళమనండి. చదువుపై ఆమెకు నిజంగా పట్టు ఉందో లేదో ఆ ఏడాదిలోనే మీకూ ఆమెకూ తెలిసిపోతుంది, ఇల్లు కూడా క్షేమంగా ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వానికి చెందిన ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది. దాని ప్రవేశ పరీక్ష తప్పక రాయించండి.

ఇక గ్యారంటీ అన్న మాట. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయాయి. అలా ఆగిన ప్రతిసారీ వేల గంటల అనుభవం ఉన్న పైలట్లు ఒక్కసారిగా ఉద్యోగాల కోసం బయటికి వచ్చారు. 200 గంటల కొత్త లైసెన్సుతో ఉన్న పిల్లలు వారి వెనుక వరుసలో నిలబడవలసి వచ్చింది. రేపటి ఖాళీల మీద ఈరోజు ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ సంస్థవారు చూపే కాగితంలో ‘షరతులకు లోబడి’ అన్న మాట ఎక్కడ ఉందో వెతకండి, అక్కడి నుంచి చివరి దాకా రెండుసార్లు చదవండి. ఎయిర్‌లైన్ ఆ ఏడాది ఎవరినీ తీసుకోకపోతే ఏమవుతుంది, సిమ్యులేటర్ (విమానాన్ని అనుకరించే శిక్షణ యంత్రం) పరీక్షలో తప్పితే కట్టిన డబ్బులో ఎంత తిరిగి వస్తుంది, ఉద్యోగంలో చేరాక వదిలి వెళ్ళకూడదన్న బాండ్ ఎన్నేళ్ళు అనే ప్రశ్నలకు నోటిమాటగా కాక రాతపూర్వకంగా జవాబు అడగండి.

అమ్మాయి అని వెనుకాడుతున్నట్టు మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. అందుకు కారణం లేదు. మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం మంది మహిళలు, ప్రపంచ సగటుకు అది సుమారు మూడు రెట్లు. వెనుకాడవలసింది ఒక్క తాకట్టు విషయంలోనే. ఉద్యోగం రాకుండా రెండేళ్ళు గడిచినా మీ జీతం మీద బ్యాంకు వాయిదాలు కట్టుకుంటూ ఇల్లు నడపగలరా? కాగితం మీద లెక్క వేసి చూడండి. కట్టగలిగితే ముందుకు వెళ్ళండి. కట్టలేని పక్షంలో ఇల్లు తాకట్టు పెట్టవద్దనే నా సలహా. ఆమె డిగ్రీ చదువుతూ పేపర్లు రాసుకోవచ్చు, రెండు మూడేళ్ళు ఆలస్యమైనంత మాత్రాన ఈ తలుపు మూసుకుపోదు.

ప్రశ్న (ఫస్ట్ ఆఫీసర్, ఎంవీపీ కాలనీ): నాలుగేళ్ళుగా ఒక పెద్ద ఎయిర్‌లైన్‌లో ఎ320 విమానం మీద ఫస్ట్ ఆఫీసర్‌గా (కో పైలట్‌గా) ఉన్నాను. 2,600 గంటలు పూర్తయ్యాయి, ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు) కూడా చేతిలో ఉంది. అయినా కమాండ్ అప్‌గ్రేడ్, అంటే కెప్టెన్‌గా పదోన్నతి ఎప్పుడో చెప్పడం లేదు. ఒక కొత్త ఎయిర్‌లైన్‌వారు ఏడాదిన్నరలో కెప్టెన్‌ను చేస్తామంటున్నారు. జీతం కూడా ఎక్కువే. మారమంటారా?

జవాబు: మీరు అర్హత గురించి రాశారు. అయితే ప్రమోషన్ అర్హతతో రాదు, ఖాళీతో వస్తుంది. ఏటీపీఎల్‌కు కావలసిన 21 ఏళ్ళ వయసు, 1,500 గంటలు చట్టం పెట్టిన కనీస గీత మాత్రమే. దానిపైన కంపెనీ తన గీత తాను గీసుకుంటుంది, ఫలానా రకం విమానం మీద ఇన్ని గంటలు, ఇన్నేళ్ళ సర్వీసు, శిక్షణ రికార్డులో మచ్చ లేకపోవడం అంటూ. ఈ రెండు గీతలూ దాటినవారందరూ సీనియారిటీ వరుసలో, అంటే సంస్థలో చేరిన తేదీల వరుసలో నిలబడి ఎదురుచూసేది మూడో దాని కోసం, అంటే కెప్టెన్ కూర్చునే ఎడమ సీటు ఖాళీ కావడం కోసం.

ఆ సీటు మూడు రకాలుగా ఖాళీ అవుతుంది. కెప్టెన్లు 65 ఏళ్ళు నిండి దిగిపోవాలి, లేదా వేరే చోటికి వెళ్ళాలి, లేదా కొత్త విమానాలు రావాలి. మన దేశంలో అన్నిటికంటే పెద్దది మూడోదే. 2023లో ఇండిగో ఒక్కసారిగా 500 విమానాలకు, ఎయిరిండియా 470 విమానాలకు ఆర్డర్లు ఇచ్చినప్పుడు యువ పైలట్లంతా ఎడమ సీటు కలలు కన్నారు. కానీ ఆర్డర్ వేరు, షెడ్డులోకి విమానం రావడం వేరు. ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల లోపం వల్ల పదుల సంఖ్యలో ఎ320 నియో విమానాలు నెలల తరబడి నేల మీదే నిలిచిపోయాయి. అలా ఒక విమానం నిలిచినప్పుడు దాన్ని తిప్పడానికి కావలసిన ఐదారు జతల పైలట్ల పనీ నిలిచిపోతుంది, కింద ఉన్నవారి అప్‌గ్రేడూ ఆగుతుంది. మీ కమాండ్ తేదీ మీ మేనేజర్ చెప్పకపోవడానికి చాలాసార్లు కారణం దాపరికం కాదు, ఆయనకే తెలియకపోవడం. మీ ఫ్లీట్‌లో ఈ ఏడాది ఎన్ని విమానాలు చేరాయి, ఎన్ని లీజు ముగిసి తిరిగి వెళ్ళాయి, మీకంటే ముందు వరుసలో ఎంతమంది ఉన్నారు, గత ఆరు నెలల్లో ఎంతమందికి అప్‌గ్రేడ్ శిక్షణ ఇచ్చారు అన్న నాలుగు అంకెలు మీరే సేకరించుకోండి. మీ తేదీ సుమారుగా మీకే తెలుస్తుంది.

ఇక మారడం గురించి. నా మొదటి ఎయిర్‌లైన్ మూతపడినప్పుడు నాకు 41 ఏళ్ళు. అప్పటికి నేను కెప్టెన్‌ని. రెండో సంస్థలో ‘మీలాంటి వారికి ఏడాదిలో కమాండ్ ఇచ్చేస్తాం’ అని ఒక పెద్దమనిషి చేయి పట్టుకుని చెప్పారు. ఆ మాట నమ్మి సంతకం చేశాను. ఇంటికొచ్చి రాత్రి భోజనమయ్యాక కాంట్రాక్టు తీరిగ్గా చదివితే, పదకొండో పేజీలో ‘పదోన్నతులు సంస్థ అవసరాలను బట్టి, సీనియారిటీ వరుసలో’ అని ఉంది. ఆ వరుసలో నేను అందరికంటే చివరివాణ్ణి. ఆ తర్వాత నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నవాడైన కెప్టెన్ పక్కన, ఫస్ట్ ఆఫీసర్ కూర్చునే కుడి సీటులో కూర్చుని చెక్‌లిస్టు చదివాను. ఆ అబ్బాయి నన్ను ఎంతో గౌరవంగా చూశాడు, అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కాని ఏడాది అన్నది నాలుగేళ్ళు పట్టింది. నా జీవితంలో ఆ నాలుగేళ్ళు తిరిగి రాలేదు.

అందుకే చెబుతున్నాను: కొత్త సంస్థవారు చెప్పిన ఏడాదిన్నర ఆఫర్ లెటర్‌లో అంకెగా ఉందా? ఆ గడువులోగా అప్‌గ్రేడ్ శిక్షణ మొదలుపెట్టకపోతే బాండ్ రద్దవుతుందన్న వాక్యం రాయించుకోగలరా? రాస్తే మారడం గురించి నిజంగా ఆలోచించవచ్చు. రాయకపోతే, చేతిలో ఉన్న నాలుగేళ్ళ సీనియారిటీని ఒక నోటిమాటకు ధారపోసినట్టవుతుంది.

జీతం మాటకొస్తే, నెల మొత్తాన్ని చూడకండి. ఎన్ని గంటలకు అది గ్యారంటీ అన్నదే అసలు సంగతి. 2024 ఏప్రిల్ మొదటి రోజుల్లో విస్తారా విమానాలు ఎందుకు రద్దయ్యాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఎయిరిండియాలో విలీనానికి ముందు తెచ్చిన కొత్త కాంట్రాక్టులో స్థిర వేతనం 70 గంటలకు బదులు 40 గంటలకే లెక్కకట్టారు. ఆపైన ఎగిరితేనే అదనపు డబ్బు. పైలట్ల నిరసన దాని మీదే. రోస్టర్ (డ్యూటీల పట్టిక) నిండుగా ఉన్న నెలలో ఆ తేడా కనబడదు. వైద్య కారణాల వల్లో, సిమ్యులేటర్ శిక్షణ వల్లో, విమానాలు నిలిచిపోవడం వల్లో గంటలు తగ్గిన నెలలో ఇంటి బడ్జెట్ తలకిందులవుతుంది.

మరొక్క విషయం, దీన్ని చాలామంది పట్టించుకోరు. 2017లో డీజీసీఏ తెచ్చిన నిబంధన ప్రకారం ఫస్ట్ ఆఫీసర్ నోటీస్ పీరియడ్ ఆరు నెలలు, కమాండర్‌ది ఏడాది. అంటే కమాండ్ వచ్చిన రోజు నుంచి మీరు బయటికి వచ్చే దారి రెట్టింపు పొడవవుతుంది. అప్‌గ్రేడ్ శిక్షణకు కొత్త బాండ్ పెట్టే సంస్థలూ ఉన్నాయి. కాబట్టి ఈ సంస్థలో ఉండాలా, పోవాలా అన్నది తేల్చుకోవలసింది కమాండ్ వచ్చాక కాదు, ఇప్పుడే. మీ ఉత్తరం చదివితే మీకు కోపం సంస్థ మీద కంటే ఎదురుచూపు మీద ఎక్కువగా ఉందనిపించింది. అదే నిజమైతే ఉన్నచోటే ఉండండి.

ప్రశ్న (రిటైర్డ్ ఉద్యోగి, ఉక్కునగరం): మా స్టీల్ ప్లాంట్‌లో జీతాలు ఎన్‌జేసీఎస్ (ఉక్కు పరిశ్రమలో సంఘాలు, యాజమాన్యాల ఉమ్మడి కమిటీ) వేతన ఒప్పందం ప్రకారం నిర్ణయమయ్యేవి. సంఘాలు, యాజమాన్యం కూర్చుని నెలల తరబడి మాట్లాడుకునేవారు. లక్షల జీతాలు తీసుకునే పైలట్లకు అలాంటి ఒప్పందం ఎందుకు లేదు? విమానాలు ఆగి జనం విమానాశ్రయాల్లో పడిగాపులు పడితే తప్ప వాళ్ళ గోడు బయటికి రాదెందుకు?

జవాబు: మీ ప్రశ్న చదివి సంతోషించాను. ఒప్పందం విలువ తెలిసినవారు అడిగిన ప్రశ్న ఇది.

ఒకప్పుడు ప్రభుత్వ రంగంలో పైలట్లకూ ఒప్పందాలు ఉండేవి. ఎయిరిండియాలో ఇండియన్ పైలట్స్ గిల్డ్, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్ యాజమాన్యంతో చర్చలు జరిపేవి. 2007లో ఆ రెండు సంస్థలనూ కలిపారు గాని, రెండు సీనియారిటీ జాబితాలనూ, రెండు జీతాల పద్ధతులనూ కలపలేదు. 2011లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు వారు సమాన వేతనం కోసం సమ్మె చేశారు. 2012లో ఎయిరిండియా గిల్డ్ వారు, కొత్తగా రానున్న డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ ఎవరికి ఇవ్వాలన్న వివాదంలో 58 రోజులు పని ఆపారు. వంద మందికి పైగా పైలట్లను తొలగించారు, గిల్డ్ గుర్తింపు రద్దయింది, చివరికి ఢిల్లీ హైకోర్టు జోక్యంతో విధుల్లో చేరారు. మీరు కార్మికోద్యమం చూసినవారు కనుక ఒక్క సంగతి గమనించండి: 2012 గొడవకు మూలం డబ్బు కంటే కూడా వరుస. పెద్ద విమానం మీద ముందు ఎవరు శిక్షణ పొందితే వారు ముందు కమాండర్ అవుతారు, ఆ తేడా రిటైరయ్యేదాకా పూడదు.

ప్రైవేటు సంస్థల్లో పరిస్థితి వేరు. చాలావరకు ప్రతి పైలట్‌కూ విడివిడిగా కాంట్రాక్టు ఇస్తారు, దాని మీద సంతకం చేయడమే గాని మాట్లాడుకోవడం ఉండదు. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు సంఘం పెట్టుకున్నప్పుడు కొందరిని తొలగించడంతో, మిగిలినవారు సెప్టెంబరులో మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టారు. ఐదు రోజులకు రాజీ కుదిరింది. ఆ మార్గాన్ని నేను సమర్థించను. ఒంట్లో బాగున్న రోజున బాగాలేదని రాసిన పైలట్, రేపు నిజంగా అలసిపోయి ‘నేను ఎగరలేను’ అన్నప్పుడు ఆ మాటకు విలువ తగ్గుతుంది. అయితే చర్చకు కూర్చునే చోటే లేనప్పుడు మనుషులు ఇలాంటి దారులు వెతుక్కుంటారన్నది కూడా అంతే నిజం.

చట్టం సంగతి. కెప్టెన్ తన కింద సిబ్బందిని నడిపిస్తాడు కనుక అతను పర్యవేక్షకుడే తప్ప కార్మికుడు కాడన్న వాదన ఎప్పటి నుంచో ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో, నెలకు 18,000 రూపాయలకు మించి తీసుకునే పర్యవేక్షక ఉద్యోగి కార్మికుడి నిర్వచనంలోకి రాడు. పైలట్ నిజంగా పర్యవేక్షకుడా, లేక యంత్రం నడిపే నిపుణుడా అన్నదే ప్రశ్న. నా అభిప్రాయం చెబుతాను: నేను విమానం నడిపినన్నాళ్ళూ ఒక్కరి జీతం పెంచలేదు, ఒక్కరికి సెలవు మంజూరు చేయలేదు, ఒక్కరిని ఉద్యోగంలో పెట్టుకోలేదు. నేను చేసిన పని విమానం నడపడం. అదే కోడ్ ప్రకారం 51 శాతం సభ్యత్వం ఉన్న సంఘమే యాజమాన్యంతో చర్చలు జరిపే ఏకైక సంఘమవుతుంది, సమ్మెకు కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రెండు మూడు సంఘాలుగా చీలి ఉన్న పైలట్లు ఆ 51 శాతం గురించి ఆలోచించక తప్పదు.

అమెరికాలో దీన్ని వేరే విధంగా నడుపుతారు. 1926లో రైల్వేల కోసం చేసిన చట్టాన్ని 1936లో విమానయానానికి వర్తింపజేశారు. అక్కడ ఒప్పందం గడువు తీరినా రద్దు కాదు, కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. ప్రభుత్వ మధ్యవర్తులు చాలించామని చెప్పి, ఆపైన 30 రోజులు గడిస్తే తప్ప సమ్మెకు దిగడానికి వీల్లేదు. ఏళ్ళ తరబడి సాగే విసుగు పుట్టించే పద్ధతే. కాని ఆ పద్ధతిలోనే 2023లో డెల్టా పైలట్లు నాలుగేళ్ళలో 34 శాతం పెంపు సాధించుకున్నారు. మీ ఎన్‌జేసీఎస్ చర్చలు కూడా నెలల తరబడి సాగాయని మీరే రాశారు. నాకు ఆ ఆలస్యంలో తప్పు కనిపించదు, మాట్లాడుకుంటున్నంత కాలం విమానం ఎగురుతూనే ఉంటుంది, కొలిమి మండుతూనే ఉంటుంది.

మన దగ్గర చర్చల ద్వారా దొరకనిది పైలట్ల సంఘాలు కోర్టు ద్వారా తెచ్చుకున్నాయి. విశ్రాంతి నిబంధనలే అందుకు ఉదాహరణ. 2024 జనవరిలో డీజీసీఏ ప్రకటించిన కొత్త నియమాల్లో వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు, రాత్రి నిర్వచనాన్ని ఉదయం 6 గంటల దాకా పొడిగించారు, రాత్రి డ్యూటీలో ల్యాండింగ్‌లను ఆరు నుంచి రెండుకు తగ్గించారు. అమలు వాయిదా పడుతూ వచ్చింది. ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం నడిచాక 2025 జూలై 1న మొదటి విడత, నవంబరు 1న రెండో విడత అమలయ్యాయి. డిసెంబరు మొదట్లో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయినప్పుడు విమానాశ్రయాల్లో సూట్‌కేసుల మీద తలపెట్టి నిద్రపోయిన ప్రయాణికులను మీరు టీవీలో చూసే ఉంటారు. దానికి పైలట్ల విశ్రాంతిని తప్పుపట్టినవారు ఉన్నారు. నియమం తెలిసి దాదాపు రెండేళ్ళయినా దానికి తగినంతమంది పైలట్లను సిద్ధం చేసుకోకపోవడమే తప్పని నేను గట్టిగా అంటాను. తెల్లవారుజామున నాలుగు గంటలకు, నాలుగో ల్యాండింగ్‌కు దిగుతున్నప్పుడు రన్‌వే లైట్లు రెండు వరుసలుగా కనిపించి, గట్టిగా రెప్పలార్చి మళ్ళీ ఒకటిగా చేసుకున్న రాత్రి నా జీవితంలో ఉంది. వెనుక 170 మందికి పైగా నిద్రపోతున్నారు. వారిలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. జీతం గురించిన వాక్యం కంటే విశ్రాంతి గురించిన వాక్యం ఒప్పందంలో ముందుండాలని నేను కోరేది అందుకే.

ప్రశ్న (నౌకాదళ పైలట్, విశాఖపట్నం): నా షార్ట్ సర్వీస్ కమిషన్ (నౌకాదళంలో నిర్ణీత కాలపు ఉద్యోగం) త్వరలో ముగుస్తోంది. మల్టీ ఇంజిన్ విమానాల మీద మంచి అనుభవం ఉంది. ఎయిర్‌లైన్‌లో నేరుగా కెప్టెన్‌గా చేరవచ్చా? విశాఖలోనే బేస్ (డ్యూటీ మొదలై ముగిసే స్థావరం) దొరుకుతుందా?

జవాబు: మీ సర్వీసు గంటలు లైసెన్సుకు పనికొస్తాయి, సీనియారిటీ వరుసకు పనికిరావు. డీజీసీఏ పరీక్షలు రాసి సివిల్ లైసెన్సు తీసుకున్నాక కూడా, ఎక్కువమంది ఫస్ట్ ఆఫీసర్లుగానే చేరి, ఆ సంస్థ విమానం మీద గంటలు పూర్తిచేసుకుని కమాండ్‌కు వెళ్ళారు. అందులో చిన్నతనమేమీ లేదు. పరీక్షలు మాత్రం యూనిఫాంలో ఉండగానే రాసేయండి. విడుదలయ్యాక ఖర్చు మొదలవుతుంది, ఓపిక తగ్గుతుంది.

బేస్ విషయంలో ఆశ పెట్టుకోకండి. పెద్ద బేస్‌లు ఢిల్లీ, ముంబై, బెంగళూరు, హైదరాబాద్ వంటి చోట్ల ఉంటాయి. ఇప్పటి విశాఖ విమానాశ్రయంలో రన్‌వే నౌకాదళానిదని మీకు నేను చెప్పనక్కరలేదు. భోగాపురం విమానాశ్రయంతో ఇక్కడి విమానాల సంఖ్య పెరిగినా, బేస్ పెట్టాలా వద్దా అన్నది ఎయిర్‌లైన్ లెక్క. పిల్లల స్కూలు ఇక్కడే ఉంచి మీరు హైదరాబాద్ బేస్ కోరుకోవడం ప్రస్తుతానికి తెలివైన పని.

ఒకటి మాత్రం మరచిపోకండి. చేరే తేదీలు రెండు మూడు ఇచ్చి ఎంచుకోమంటే మొదటి తేదీనే ఎంచుకోండి. ఇన్నేళ్ళ సర్వీసు తర్వాత ఇంటివారితో పది రోజులు గడపాలని ఎవరికైనా ఉంటుంది. నాతో పాటు ఎంపికైన మిత్రుడొకరు చెల్లెలి పెళ్ళి చూసుకుని రెండో బ్యాచ్‌లో వచ్చారు. మధ్యలో 30 మంది చేరారు. ఆ 30 మంది ఆయనకంటే ముందు ఎడమ సీటులో కూర్చున్నారు.